బోరు ఆటే... అయితే ఏంటట?

మొన్న శనివారం ఫ్రెండు వాళ్ళింట్లో నలుగురం చేరాం. బిర్యానీ అయిపోయింది, టీవీలో ఏం పెట్టాలో ఎవరికీ తోచట్లేదు. రిమోట్ నా చేతిలో ఉంది కదా అని 2023 నవంబరు 11 నాటి మిషిగన్ - పెన్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టాను. పది నిమిషాలకే గోల మొదలైంది. "ఏంట్రా ఇది? బంతి వాడి చేతికివ్వడం, వాడెళ్ళి గుంపులో పడిపోవడం. మళ్ళీ లేచి అదే పని. దీనికంటే మా సోమవారం స్టేటస్ మీటింగే నయం" అన్నాడు ఒకడు. మిగతా ఇద్దరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంటలోంచి పుట్టిందే ఈ టపా.

ఆ మ్యాచ్ గురించి తెలీని వాళ్ళకి రెండు ముక్కలు. ముందు రోజే మిషిగన్ హెడ్ కోచ్ జిమ్ హార్బాని మూడు మ్యాచ్‌లకి సస్పెండ్ చేశారు. ఆయన బదులు షెరోన్ మూర్ జట్టుని నడిపించాడు. లక్షమందికి పైగా పట్టే ప్రత్యర్థి స్టేడియం, ఎదురుగా దేశంలోనే గట్టి డిఫెన్సుల్లో ఒకటి. మిషిగన్ ఏం చేసింది? సెకండ్ హాఫ్‌లో లెక్కలోకొచ్చే పాస్ ఒక్కటి కూడా వెయ్యలేదు. వరసగా 32 రన్నింగ్ ప్లేలు! క్వార్టర్‌బ్యాక్ జె.జె. మెకార్తీ మ్యాచ్ మొత్తంలో వేసినవి ఎనిమిదే పాసులు, వాటితో వచ్చింది 60 గజాలు. బంతి పట్టుకుని పరిగెత్తి సంపాదించింది 227 గజాలు. స్కోరు 24-15. గెలిచారు.

ఏం చెయ్యబోతున్నామో ముందే చెప్పి, అవతలి వాడు సిద్ధంగా నిలబడ్డాక కూడా అదే చేసి చూపించడం... దీన్ని బోరంటారా? మా వాళ్ళు అన్నారు మరి.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలీని వాళ్ళ కోసం: నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు. లేదంటే బంతి అవతలి వాళ్ళకి. ముందుకెళ్ళడానికి దారులు రెండు: బంతి విసరడం, లేదా పట్టుకుని పరిగెత్తడం. విసరడం చూడ్డానికి బావుంటుంది, హైలైట్లలో వస్తుంది. పరిగెత్తడం అంటే చాలాసార్లు మూడు గజాలు, నాలుగు గజాలు, కింద మట్టి.

నా వాదన ఒక్కటే. కాలేజీ జట్టుని నిలబెట్టాలంటే ముందు డిఫెన్సు కట్టాలి, తర్వాత బలంతో నెట్టుకుంటూ పోయే పరుగు ఆట కట్టాలి. మెరుపులు ఆ తర్వాతే. వరస తిరగేస్తే మెరుపులు మిగుల్తాయి, కప్పు మిగలదు.

నేను ఉండేది డెట్రాయిట్ పక్కన సబర్బుల్లో. ఇక్కడ మిషిగన్ - ఓహియో స్టేట్ మ్యాచ్ అంటే మనకి ఇండియా - పాకిస్తాన్ లాంటిది. 2018లో ఓహియో స్టేట్ 62-39తో కొట్టింది. 2019లో 56-27. ఆ 2019 మొదట్లోనే మిషిగన్ కూడా అందరి దారీ పట్టి కొత్త అఫెన్స్ కోఆర్డినేటర్ని తెచ్చుకుంది. 'స్పీడ్ ఇన్ స్పేస్' అని ఓ నినాదం. అంటే వేగంగా పరిగెత్తే కుర్రాళ్ళకి ఖాళీ చోట బంతి అందించడం. మనాఫీసుల్లో ప్రతి రెండేళ్ళకీ ఓ కొత్త మంత్రం పట్టుకొస్తారు చూడండి, అలాగన్నమాట. 2020లో జట్టు రికార్డు 2 గెలుపులు, 4 ఓటములు. హార్బా జీతం దాదాపు సగానికి కోశారు.

అప్పుడాయన చేసిన పని చూడండి. బాల్టిమోర్ రేవెన్స్‌లో వాళ్ళన్న జాన్ దగ్గర పనిచేస్తున్న మైక్ మెక్‌డొనాల్డ్ అనే కుర్ర కోచ్‌ని తెచ్చి డిఫెన్స్ అప్పగించాడు. అఫెన్స్‌లో లైన్ వాళ్ళని ముందుపెట్టి పరుగు ఆట మీద పడ్డాడు. అదే ఏడాది, అంటే 2021లో, ఓహియో స్టేట్ మీద 42-27. హసన్ హాస్కిన్స్ ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు, అన్నీ పరుగు మీదే. అవతల డిఫెన్స్‌లో ఏడన్ హచిన్సన్ క్వార్టర్‌బ్యాక్‌ని మూడుసార్లు కూలగొట్టాడు. దేశంలో ఉత్తమ అఫెన్సివ్ లైన్‌కి ఇచ్చే జో మూర్ అవార్డు 2021లోనూ, 2022లోనూ మిషిగన్‌దే. 2021 నుంచి 2023 దాకా మూడేళ్ళ లెక్క 40 గెలుపులు, 3 ఓటములు. 2023లో 15కి 15 గెలిచి జాతీయ ఛాంపియన్లు. ఆ ఏడాది వాళ్ళ డిఫెన్స్ మ్యాచ్‌కి సగటున ఇచ్చింది పది పాయింట్ల పైచిలుకు, అంతే. దేశంలో అందరికంటే తక్కువ.

"గుడ్డిగా గుద్దుకుంటూ పోవడమే కదా, అందులో బుర్ర ఏముంది" అంటారు కొందరు. అయ్యా, 'పవర్' అనే ప్లే ఒక్కసారి స్లో మోషన్‌లో చూడండి. పరుగు వెళ్ళే వైపు లైన్ వాళ్ళు లోపలికి వాలి ఒక్కో ప్రత్యర్థిని పక్కకి తోస్తారు, ఒకడి మీద ఇద్దరు పడతారు. టైట్ ఎండో ఫుల్‌బ్యాకో చివరి వాణ్ణి బయటికి నెడతాడు. అవతలి వైపు గార్డ్, మూడొందల పౌన్ల మనిషి, తన చోటు వదిలేసి లైన్ వెనకనుంచి అడ్డంగా పరిగెత్తుకొచ్చి ఆ సందులోకి దూరతాడు. వాడి వెనకే బంతి పట్టుకున్న వాడు. అందరూ సెకండు తేడా లేకుండా కదలాలి, ఒక్కడు తప్పటడుగు వేసినా ప్లే పోయినట్టే. ఇది కండబలం ఒక్కదానితో అయ్యే పని కాదండీ, నెలల తరబడి రిహార్సల్ చేసిన కోలాటం. కర్రలు మాత్రం ఉండవు.

ఇంకో సంగతి. పాస్ నేలపాలైతే గడియారం ఆగుతుంది. మైదానం లోపలే పరుగు ముగిస్తే గడియారం నడుస్తూనే ఉంటుంది. నువ్వు ఎనిమిది నిమిషాలు నెట్టుకుంటూ పోతే ఆ ఎనిమిది నిమిషాలూ అవతలి మెరుపు వీరుడు బెంచీ మీద నీళ్ళు తాగుతుంటాడు, నీ డిఫెన్స్ కాళ్ళు చాపుకుని అలుపు తీర్చుకుంటుంది. రన్నింగ్ ఆపుదామని వాళ్ళు మనుషుల్ని ముందుకి జరిపితే వెనక ఖాళీ. 2022లో ఓహియో స్టేట్ ఇదే చేస్తే, 69 గజాలకోటీ, 75 గజాలకోటీ పాసులు టచ్‌డౌన్లయ్యాయి. సెకండ్ హాఫ్‌లో డోనవన్ ఎడ్వర్డ్స్ 75, 85 గజాల పరుగులు తీశాడు. స్కోరు 45-23. అంటే పరుగు ఆట పాసుకి శత్రువు కాదు, పాసుకి దారి చేసేది.

ఇప్పుడు ఎదురు వాదనలు. నేనేం వాటిని దాచిపెట్టను.

ఒకటి: "2019 ఎల్.ఎస్.యు. సంగతేంటి? జో బర్రో 60 టచ్‌డౌన్ పాసులు వేసి 15-0తో కప్పు కొట్టలేదా?" కొట్టాడు. నిజమే, అది అద్భుతం. కానీ అలాంటి వాడు ఏ తరానికో ఒక్కడు దొరుకుతాడు. లాటరీ తగిలినోణ్ణి చూపించి అందరూ టిక్కెట్లు కొనుక్కోండంటే ఎలాగండీ? ఓక్లహోమాని చూడండి. లింకన్ రైలీ ఉన్నప్పుడు దేశంలో వాళ్ళ అఫెన్స్‌కి తిరుగులేదు. జాతీయ సెమీఫైనల్స్‌లో 2017 సీజన్‌లో 48 పాయింట్లు చేసి ఓడారు, జార్జియా 54 కొట్టింది. మరుసటి సీజన్‌లో అలబామా చేతిలో 45-34. ఆ తర్వాతది అదే ఎల్.ఎస్.యు. చేతిలో 63-28. రైలీ యు.ఎస్.సి.కి వెళ్ళాక, 2022 సీజన్ కాటన్ బౌల్‌లో హైస్మన్ ట్రోఫీ గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌ని పెట్టుకుని 45 పాయింట్లు చేసి తులేన్ చేతిలో ఒక్క పాయింటుతో ఓడారు. పాయింట్లు చెయ్యడం రాకా? కాదు, ఆపడం రాక.

రెండు: "మరి అయోవా?" అని అడుగుతారు. ఇది మంచి ప్రశ్న. 2023లో అయోవా డిఫెన్స్ రాయిలాంటిది, అఫెన్స్ మాత్రం గజాల లెక్కలో దేశంలోనే ఆఖరు. పది మ్యాచ్‌లు గెలిచారు గానీ బిగ్ టెన్ ఫైనల్లో మిషిగన్ చేతిలో 26-0తో సున్నా. ఇది నా వాదనకి దెబ్బే అనుకోవచ్చు. నేను మాత్రం దీన్ని సరిహద్దు రాయి అంటాను. డిఫెన్స్ ఒక్కటే ఉండి లైన్ నెట్టలేకపోతే అది సగం కట్టిన ఇల్లు. నేను అడిగేది రెండూ. చిత్రం చూశారా, రెండూ ఉన్న జట్టే ఆ రోజు సగం ఉన్న జట్టుని గుండు కొట్టించి పంపింది.

మూడు: "మిషిగన్ సైగలు దొంగతనం చేసింది కదా!" ఆ గొడవ నిజం. అవతలి జట్ల సైగల్ని అడ్డదారిలో పట్టుకున్నందుకు 2025 ఆగస్టులో ఎన్.సి.ఎ.ఎ. భారీ జరిమానాలు వేసింది. తప్పు తప్పే, దాన్ని నేను కడగను. కానీ ఆ పని చూసిన ఉద్యోగిని 2023 అక్టోబరులోనే పక్కన పెట్టారు. పెన్ స్టేట్, ఓహియో స్టేట్, అలబామా, వాషింగ్టన్ మ్యాచ్‌లు ఆ తర్వాతే జరిగాయి. రోజ్ బౌల్‌లో అలబామా మీద అదనపు సమయంలో బ్లేక్ కోరమ్ రెండే పరుగుల్లో టచ్‌డౌన్ చేశాడు. ఆ వెంటనే గోల్ లైన్‌కి మూడు గజాల దూరంలో అలబామా ఆఖరి ప్రయత్నాన్ని డిఫెన్స్ అక్కడికక్కడే మట్టి కరిపించింది. 27-20. పరుగు, డిఫెన్స్. ఫైనల్లో దేశంలోకెల్లా ప్రమాదకరమైన పాసింగ్ జట్లలో ఒకటైన వాషింగ్టన్‌ని 13కి ఆపి, తాము 303 గజాలు పరిగెత్తి 34 చేశారు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2024 నవంబరు 30 చూడండి. మెకార్తీ లేడు, హార్బా లేడు, మిషిగన్ పాసింగ్ ఏడ్చినట్టుంది. ఓహియో స్టేట్ ఇరవై పాయింట్ల ఫేవరెట్. ఆ సీజన్‌లో చివరికి జాతీయ కప్పు గెలిచింది కూడా వాళ్ళే. వాళ్ళింట్లోనే మిషిగన్ 13-10తో గెలిచింది. పాసుల మీద వచ్చింది 62 గజాలే! లైనూ డిఫెన్సూ ఉన్నాయి కాబట్టి చెడ్డ ఏడాదిలో కూడా అలాంటి రోజొకటి వచ్చింది. మరుసటి ఏడాది ఓహియో స్టేట్ 27-9తో ఆ వరస తెంచింది. దేనితో? దేశంలో అతి తక్కువ పాయింట్లు ఇచ్చిన డిఫెన్సుల్లో ఒకటి పెట్టుకుని. పాఠం వాళ్ళూ నేర్చుకున్నారు. మా ఫ్రెండ్సే నేర్చుకోవట్లేదు :-)

"మనకెందుకు ఈ అమెరికా గోల" అనే వాళ్ళకి మన సన్‌రైజర్స్ ఉన్నారుగా. 2016లో ఆ సీజన్‌లో 973 పరుగులు చేసిన కోహ్లీ జట్టు ఫైనల్లో 209 కొట్టాలి. మొదటి వికెట్‌కే 114 వచ్చాయి. అయినా మన బౌలర్లు 200 దగ్గర ఆపి కప్పు పట్టుకొచ్చారు. 2024లో అదే సన్‌రైజర్స్ బెంగళూరు మీద 287 కొట్టి దేశమంతా ఊగేలా చేశారు. ఫైనల్లో 113కి ఆలౌట్. రెండిట్లో కప్పు ఎప్పుడొచ్చిందో మీరే చెప్పండి.

సరే, అసలు నాకెందుకు ఒళ్ళు మండిందో చెప్పి ముగిస్తాను. మా టీములో గుంటూరాయన ఒకరుండేవారు, అన్నయ్యా అని పిలిచేవాణ్ణి. రిలీజుకి ముందు టెస్టింగ్ మొత్తం ఆయన భుజాల మీదే నడిచేది. డెమోల్లో ఆయన పేరు ఎప్పుడూ వినపడదు. ఎందుకంటే ఆయన పని బాగా జరిగిందంటే అర్థం ఏమీ జరగలేదని. సైటు పడలేదు, డబ్బులు రెండుసార్లు కట్ అవలేదు, అర్ధరాత్రి ఫోన్ మోగలేదు. పోయినేడాది ఖర్చు తగ్గించుకుంటాం అన్నప్పుడు మొదట తీసేసింది ఆయన్నే. స్లైడ్ మీద చూపించడానికి ఆయన చేసిందేమీ లేదట. వీసా మీద ఉన్న మనిషి, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, ఇద్దరు బడికెళ్ళే పిల్లలు. చివరికి దొరికింది గానీ ఆ రెండు నెలల్లో ఆయన మొహం నేను చూశాను.

మూడు నెలల తర్వాత ఓ రాత్రి రెండింటికి నా ఫోన్ మోగింది. కాల్‌లో పదిహేను మందిమి, అందరూ డెమో వీరులమే. ఆ బగ్ రిలీజు దాటక ముందే పట్టుకునే మనిషి మాత్రం కాల్‌లో లేడు.

లైన్‌లో నిలబడి నెట్టే ఆ మూడొందల పౌన్ల గార్డ్ పేరు స్టేడియంలో సగం మందికి తెలీదు. టచ్‌డౌన్ చేసిన వాడి పేరే బోర్డు మీద పడుతుంది. మంచి కోచ్ మాత్రం జట్టు కట్టేటప్పుడు ఆ గార్డ్ నుంచే మొదలెడతాడు. ఆ మ్యాచ్ చూసి "బోరు" అని నవ్వినప్పుడు మావాళ్ళు ఎవర్ని చూసి నవ్వుతున్నారో వాళ్ళకి తెలీదు. నాకు తెలుసు.

వచ్చే శనివారం మళ్ళీ మా ఇంట్లో కలుస్తున్నాం. బిర్యానీ నాదే, రిమోటూ నాదే. ఆ 32 పరుగులూ ఒక్కటి కూడా వదలకుండా మళ్ళీ మొదట్నుంచి చూపిస్తా. నచ్చనోళ్ళు రైతా తింటూ కూర్చోవచ్చు.