ఊరి మేత భూమి ఎంతో సర్కారు లెక్కలోనే ఉంది, తీసి చూడండి



జనగణన పట్టికల్లో మన ఊరి వివరాలు ఫోన్‌లో ఎలా తీయాలో పై వీడియోలో చూపించాం. వీడియో తీస్తుంటే పక్కనే ఉన్న ఒక పెద్దాయన అడిగారు, "మనకి కావాల్సింది ఆవు, విత్తనం, వాన. ఈ అంకెలతో ఏం పనయ్యా?" అని. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: ఆవు కావాలంటే మేత కావాలి, మేత కావాలంటే భూమి కావాలి. మన ఊళ్లో మేతకని రాసిపెట్టిన భూమి ఎన్ని హెక్టార్లో ఆ అంకెల్లోనే ఉంది. అడగడానికి అంతకంటే గట్టి కాగితం మన చేతిలో ఇంకోటి లేదు.

ముందు ఆ పట్టిక ఏమిటో చెప్తాను. 2011 జనాభా లెక్కల తర్వాత ప్రతి జిల్లాకీ ఒక జిల్లా జనగణన హ్యాండ్‌బుక్ తెచ్చారు. రెండు భాగాలు. మొదటి దాంట్లో ఊరి వివరాలు ఉంటాయి: బడి, ఆస్పత్రి, రోడ్డు, తాగునీరు, వాటితో పాటు భూమి వాడకం. రెండో దాంట్లో జనం: ఎంతమంది, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, చదువుకున్నవాళ్లెందరు, సాగు చేసేవాళ్లెందరు, కూలికి పోయేవాళ్లెందరు. జనగణన వెబ్‌సైట్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా దించుకోవచ్చు. కేంద్రం 2012లో సమాచారం పంచుకునే విధానం ఒకటి తెచ్చి, అదే ఏడాది డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అనే సైటు తెరిచింది. ఇలాంటి పట్టికలు అక్కడ కూడా ఉంటాయి. తెలంగాణకి విడిగా ఓపెన్ డేటా సైటు ఉంది.

వెతికేటప్పుడు ఒక్క చిక్కు. 2011లో మనది ఉమ్మడి రాష్ట్రం, 23 జిల్లాలు. సిద్దిపేట ఊరైతే మెదక్ జిల్లా పుస్తకంలో, సిరిసిల్ల ఊరైతే కరీంనగర్‌లో, అనకాపల్లి ఊరైతే విశాఖపట్నంలో చూడాలి. రాష్ట్రం దగ్గర తెలంగాణ వాళ్లు కూడా ఆంధ్రప్రదేశ్ అనే ఎంచుకోవాలి. ఇంకో మాట, అక్కడ ఊరు అంటే రెవెన్యూ గ్రామం. మీది శివారు పల్లె అయితే, తండా అయితే, అది పెద్ద ఊరి లెక్కలో కలిసి ఉంటుంది. పంచాయతీ వేరైనా సరే.

భూమిని అందులో తొమ్మిది రకాలుగా విడగొడతారు. అడవి, ఇళ్లు, రోడ్లు, చెరువులు లాంటి వ్యవసాయేతర వాడకం, సాగుకి పనికిరాని రాళ్లూ రప్పలూ, శాశ్వత మేత భూములు, చెట్లు, తోపులు, సాగు చేయదగ్గ బీడు, ఏళ్లుగా పడావు పడ్డది, ఈ ఏడు మాత్రమే పడావు ఉంచింది, నికరంగా విత్తింది. అన్నీ హెక్టార్లలో. 2.47తో గుణిస్తే ఎకరాలు వస్తాయి.

ఈ తొమ్మిదింట్లో మనం మొదట చూడాల్సింది నాలుగో గడి. కొన్నిచోట్ల మేత పోరంబోకు అంటారు, కొన్నిచోట్ల బంచరాయి అంటారు, ఇంకోచోట గైరాన్ అంటారు. పేరు ఏదైనా అది ఊరందరి పశువులదీ.

లెక్క వేసి చూద్దాం. జీవామృతం ఎకరానికి 200 లీటర్లు, దానికి 10 కిలోల పేడ. దేశీ ఆవు రోజుకి రమారమి పది కిలోల పేడ వేస్తుంది. నెలకోసారి పారిస్తే, నెలలో 30 రోజుల పేడ 30 ఎకరాలకి సరిపోతుంది. పాలేకర్ గారు ఒక ఆవుతో 30 ఎకరాలు అని చెప్పే మాట వెనకున్న లెక్క ఇదే. ఘనజీవామృతానికి పేడ విడిగా కావాలి కాబట్టి నేనైతే పదిహేను ఎకరాలకి ఒక ఆవు అనే వేసుకుంటాను. ఉదాహరణకి, ఒక ఊళ్లో నికరంగా విత్తిన భూమి 400 హెక్టార్లు అనుకోండి. అంటే దాదాపు వెయ్యి ఎకరాలు. పాలేకర్ గారి లెక్కలో 33 ఆవులు, నా లెక్కలో 66. ఇవి ఎక్కడ మేస్తాయి? వరిగడ్డి ఒక్కటీ పెట్టి దేశీ ఆవుని సాకలేం. ఇప్పుడు నాలుగో గడి చూడండి. అక్కడ 20 హెక్టార్లు అని ఉంటే, దాదాపు 50 ఎకరాలు మేతకని సర్కారే రాసింది అన్నమాట. ఆ 50 ఎకరాలు ఎక్కడున్నాయి? ఊళ్లో పశువులు కాసిన వాళ్లని అడగండి, సర్వే నంబరు లేకుండానే హద్దులు చెప్తారు.

ఇది ఒక ఊరి గోడు కాదు. దేశం మొత్తం మీద శాశ్వత మేత భూములు 1960-61లో సుమారు 1 కోటి 40 లక్షల హెక్టార్లు. 2010-11కి 1 కోటి 3 లక్షలు. అంటే దాదాపు 90 లక్షల ఎకరాలు లెక్కలోంచే పోయాయి. లెక్కలో ఉండీ నేల మీద లేనిది ఇందులో కలవలేదు. పశుగణన చూస్తే దేశీ ఆవులూ ఎద్దులూ 2012 నుంచి 2019కి దాదాపు ఆరు శాతం తగ్గాయి. ట్రాక్టరు వచ్చింది, కూలీ దొరకడం లేదు అని కారణాలు చెప్తారు, అవీ నిజమే. కానీ మేత భూమి పోయిన ఊళ్లో ఆవుని నిలుపుకోమని ఒక్కో రైతుకీ విడివిడిగా చెప్పడం వల్ల పెద్దగా లాభం లేదు. ఆవు కొనడానికి సాయం చేసే పథకాల గురించి మనం చాలా మాట్లాడతాం. ఆ ఆవు మేసే చోటు గురించి అంతగా మాట్లాడం.

సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువు ఆక్రమణ గురించిన కేసు అది. కానీ ఆదేశం అన్ని రాష్ట్రాలకీ ఇచ్చారు. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తీయించి గ్రామసభకి తిరిగి అప్పగించే పథకం తయారు చేయమన్నారు. భూమి లేని కూలీలకీ, ఎస్సీ ఎస్టీలకీ సర్కారు ఇచ్చిన చోట, బడో ఆస్పత్రో ఇప్పటికే ఉన్న చోట మినహాయింపు ఉండొచ్చన్నారు. ఈ మినహాయింపు మనం కూడా మనసులో పెట్టుకోవాలి. మేత భూమి కావాలని అడగడానికి పోయి, అరెకరం పట్టా తెచ్చుకున్న పేదవాడి మీద పడితే అది మన ఉద్యమం కాదు. ఊళ్లో పది ఎకరాలు కలుపుకున్నవాడు ఎవడో అందరికీ తెలుసు.

ఇప్పుడు రెండో సంగతి. ఇవే లెక్కలు మన మీదికి కూడా తెస్తారు. దేశంలో నికరంగా విత్తే భూమి 1970-71 నుంచి దాదాపు 14 కోట్ల హెక్టార్ల దగ్గరే ఆగిపోయి ఉంది. జనం మాత్రం 1971లో 54.8 కోట్లు, 2011లో 121 కోట్లు. తలసరి చూస్తే అప్పుడు 63 సెంట్లు, 2011కి 29 సెంట్లు. "29 సెంట్లలో మనిషికి తిండి పండించాలి, యూరియా లేకుండా ఎలా?" అని సభల్లో అడుగుతారు. దీనికి మనవాళ్లు కోపం తెచ్చుకుంటారు, లేకపోతే పురాణం చెప్తారు. రెండూ వద్దు. అదే పట్టికలో పక్క గళ్లు చూపించండి. 2010-11లో పడావు భూములు, పాతవీ కొత్తవీ కలిపి, దాదాపు రెండున్నర కోట్ల హెక్టార్లు. విత్తిన 14 కోట్లలో కూడా రెండో పంట పడేది సుమారు ఐదున్నర కోట్లలోనే. అంటే పదెకరాల్లో ఆరెకరాలు ఏడాదికి ఒక్క పంట చూసి మిగతా నెలలు ఎండకి ఎండుతున్నాయి. ఆరెకరాలకీ నీళ్లు లేవు, అది నిజం. అక్కడ రెండో వరి వేయమని ఎవరూ అనరు. కానీ వానకి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతిని మనం వాడుతున్నాం. నేలని ఏడాది పొడుగూ పచ్చగా కప్పి ఉంచడం అనే మాట ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఊరూరా చెప్తోంది. అది పశువుకి మేత, నేలకి కప్పు. తలసరి 29 సెంట్లు అనే అంకెలో ఆ నెలల లెక్క లేనే లేదు. విత్తిన భూమి అనే గడి ఒక్కసారి విత్తినా నిండుతుంది.

వాన నీటి మీద, బోర్ల మీద ఎంత సాగు అవుతుందో కూడా ఊరి పట్టికలో ఉంటుంది: కాలువ, బావి లేదా బోరు, చెరువు, మిగతావి అని విడివిడిగా. చెరువు కింద 2011లో రాసిన హెక్టార్లు, ఇప్పుడు మీ ఊళ్లో చెరువు కింద పారే ఎకరాలు పక్కపక్కన పెట్టి చూడండి. చెరువుల మీద కేంద్రం 2023లో మొదటిసారి నీటి వనరుల గణన అని వేసింది. దేశంలో 24 లక్షల పైచిలుకు నీటి వనరులు, అందులో ఆంధ్రలోనే సుమారు లక్షా తొంభై వేలు. ఆక్రమణలో ఉన్నవి దేశమంతా కలిపి 38,496 అట. నూటికి రెండు కూడా లేవు! మీ మండలంలో తిరిగి చూసి మీరే చెప్పండి. సర్కారు లెక్క అంటే దేవుడి మాట కాదని చెప్పడానికే ఇది రాశాను. లెక్క రాసిన మనిషి ఊళ్లోకి వచ్చి చూశాడా, ఆఫీసులో కూర్చుని రాశాడా అనేదాన్ని బట్టి దాని విలువ.

భూమి వాడకం లెక్కకి మూలం ఊరి అడంగలు, పహాణీ. కరణాలు 1984లో పోయారు. తెలంగాణలో 2020లో వీఆర్వోలూ పోయారు. పొలం గట్టు మీద నిలబడి ఏ పంట ఉందో రాసే మనిషి మారిపోతూ వచ్చాడు. అందుకే పాత అంకె తప్పనిపిస్తే పారేయకండి. ఎందుకు తప్పయిందో తవ్వితే అసలు కథ బయటికి వస్తుంది.

జనం లెక్క దగ్గర కౌలు రైతులకి ఒక మాట. జనగణనలో సాగుదారు అంటే పట్టా ఉన్నవాడు అని కాదు. డబ్బుకో, పంటలో వాటాకో వేరేవాళ్ల భూమి తీసుకుని దున్నేవాడు కూడా సాగుదారే. రైతుబంధు 2018లో మొదలైనప్పుడు పట్టాదారులకే ఇచ్చారు, కౌలుదారు ఆ జాబితాలో లేడు. జనగణనలో మాత్రం ఉన్నాడు. మన ఊళ్లో జీవామృతం కలిపేవాళ్లలో ఎంతమంది కౌలు మీద ఉన్నారో చూస్తే, ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఏటా భూమి మారిపోతుంటే ఎవరు ఆ నేలని బాగుచేస్తారు చెప్పండి. దేశంలో 2001లో సాగుదారులు 12.7 కోట్లు, 2011లో 11.9 కోట్లు. వ్యవసాయ కూలీలు అదే పదేళ్లలో 10.7 కోట్ల నుంచి 14.4 కోట్లకి పెరిగారు. రైతుల కంటే కూలీలు ఎక్కువైన దేశం మనది.

ఆడవాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడుతూ వచ్చి, చివరికి 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. జనం లెక్కకి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. లెక్క రాసేవాళ్లు ఇంటికొచ్చి ఆడవాళ్లు ఏం చేస్తారని అడిగితే మన మగవాళ్లు "ఇంట్లోనే ఉంటుంది" అనేస్తారు. పొద్దున్నే పేడ ఎత్తేది ఎవరు, కషాయం కాచేది ఎవరు, కలుపు తీసేది ఎవరు? ఆమెని సాగుదారు అని రాయించండి. అది అబద్ధం కాదు, ఇన్నాళ్లూ రాసిందే సగం. మళ్లీ పదేళ్ల దాకా ఆ అంకె మీదే మాటలన్నీ నడుస్తాయి.

ఇక చేయాల్సింది. ఊళ్లో నలుగురైదుగురు కూర్చుని ఒకే కాగితం మీద రెండు వరసలు రాయండి. ఒక వరసలో 2011 పట్టికలోని అంకెలు: మేత భూమి, పడావులు, చెరువు కింద సాగు, సాగుదారులు, కూలీలు. పక్క వరసలో మీరు తిరిగి చూసి రాసినవి. ఇస్రో వాళ్ల భువన్ సైటులో ఉపగ్రహం నుంచి తీసిన భూమి వాడకం పటాలు ఉన్నాయి, కుర్రాళ్లకి చెప్తే చూసిపెడతారు. తేడా ఎక్కువగా ఉన్న చోట సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు కార్యాలయంలో ఆ భూమి సర్వే నంబర్లు, విస్తీర్ణం అడగండి. "మా ఊళ్లో మేత భూమి లేదు" అని అర్జీ పెడితే అది మన మాట అవుతుంది. "మీ లెక్క ప్రకారం ఇన్ని హెక్టార్లు ఉంది, ఎక్కడుందో చూపించండి" అంటే జవాబు చెప్పాల్సింది వాళ్లు. ఆ కాగితంతో గ్రామసభకి వెళ్లండి. పంచాయతీలు ఏటా తయారుచేసే అభివృద్ధి ప్రణాళికలో మేత భూమికి కంచె, గడ్డి పెంపకం, పశువుల నీటి తొట్టి రాయమని అడగండి. సీసీ రోడ్డు తప్ప ఇంకోటి రాసే అలవాటు చాలా పంచాయతీలకి లేదు, ఎవరూ అడగకపోవడం కూడా ఒక కారణం.

మీ ఊరి పేజీ దొరక్కపోతే పాత జిల్లా, పాత మండలం, రెవెన్యూ గ్రామం పేర్లు వీడియో కింద రాయండి, వెతికి పెడతాం. దొరికినవాళ్లు నాలుగో గడిలో ఎంత ఉందో, నేల మీద ఎంత మిగిలిందో రాయండి. వచ్చే వీడియోలో ఆ ఊళ్లన్నీ ఒక్కచోట పెట్టి చూద్దాం.