ఊరికే కూర్చునే ఉద్యోగమా ఇది?

“సెక్యూరిటీకేం పనండీ, గేటు దగ్గర ఊరికే కూర్చోవడమే కదా!”

తిరుపతిలో ఈ మాట వినని వారం ఉండదు. అపార్ట్‌మెంటు సంఘాల మీటింగుల్లో, షోరూముల క్యాష్ కౌంటర్ల దగ్గర, ఆసుపత్రి వరండాల్లో చదువుకున్నవాళ్లే అంటారు. జీతం పెంచమని గార్డు నోరు తెరిచిన రోజున మరీ గట్టిగా అంటారు. వాళ్లకు తెలియక కాదు, ఆ మాట డబ్బు మిగులుస్తుంది గనుక అంటారు. పనే లేదని తేల్చేస్తే పనికి తగ్గ కూలి గురించి మాట్లాడాల్సిన అవసరమే రాదు కదా.

మే నెల మధ్యాహ్నం గాంధీరోడ్డుకు రండి. బట్టల దుకాణం తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని ఒక్క పది నిమిషాలు చూడండి. మెడదాకా గుండీలు, నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు. తలుపు తీసినప్పుడల్లా లోపలి ఏసీ గాలి మొహానికి ఒక్క క్షణం తగులుతుంది, మళ్లీ రోడ్డు సెగ. కుర్చీ ఉండదు. గార్డు కూర్చుంటే కస్టమర్లకు బాగుండదని యజమాని మాట. ఏళ్ల తరబడి అట్లా నిలబడినవాళ్లు ప్యాంటు పైకి లాగి పిక్కలు చూపిస్తే, నరాలు ఉబ్బి, నీలంగా మెలికలు తిరిగి ఉంటాయి. ఒంటికి పోవాలంటే ఆ పాయింటులో ఇంకొకరు వచ్చి నిలబడాలి. ఆ ఇంకొకరు ఉండరు. అందుకని మండుటెండలో మంచినీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. ఊరికే కూర్చునే ఉద్యోగమన్నారే, కూర్చోవడానికి చోటెక్కడుంది?

నగరి దాటి తిరుత్తణిలో అడుగుపెడితే, దుకాణంలో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి కల్పించడం చట్టం. తమిళనాడు 2021లో తెచ్చింది. అంతకు ముందు 2018లో కేరళ తెచ్చింది. సరిహద్దుకు ఇవతల మనం ఆ ఊసైనా ఎత్తం.

ఇక రెండో నింద. “రాత్రి నిద్రపోతాడు.” తెల్లవారుజామున మూడింటికి గార్డు కునికితే ఎవరో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. దాని కింద వరసగా తిట్లు. ఆ మనిషి ఎన్ని గంటల నుంచి మేలుకుని ఉన్నాడని అడిగే మెసేజ్ ఒక్కటీ రాదు. పాకాల వైపు పల్లె నుంచి వచ్చి, తిరుచానూరు రోడ్డులో గేటు దగ్గర పనిచేసే ఒక పెద్దాయనను ఒక ఉదయం పలకరించాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “రిలీవరు రాలేదు సామీ. నిన్న పొద్దున ఎక్కిన డ్యూటీ. ఈ రోజు కూడా నన్నే చూసుకోమన్నారు” అన్నాడు. ఫిర్యాదు చేసినట్టు కూడా చెప్పలేదు, మామూలు విషయం చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు మరింత మండింది.

లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. గేటు ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదు. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువచోట్ల ఇద్దరినే పెడతారు, పగలొకరు, రాత్రొకరు. అంటే మనిషికి వారానికి 84 గంటలు. చట్టం ప్రకారం వారానికి 48 గంటలు. పైన మిగిలిన 36 గంటలకు రెట్టింపు రేటు కట్టాలి, పాత కనీస వేతనాల చట్టం నిబంధనల్లోనూ కొత్త వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. 36 గంటలకు రెట్టింపు అంటే 72 గంటల కూలి. దానికి 48 కలిపితే ఒక్కొక్కరికి 120 గంటల కూలి, ఇద్దరికీ 240. అదే 48 గంటల చొప్పున మనుషుల్ని పెట్టుకుంటే 168 గంటల కూలితో అయిపోతుంది. చట్టాన్ని పాటిస్తే ఇద్దరితో నడపడం ఖరీదైన పద్ధతి. అయినా ఊరంతా ఇద్దరితోనే ఎందుకు నడుస్తోంది? ఓవర్‌టైం ఎవరూ కట్టడం లేదు గనుక. ఇంకో కారణం లేదు. ఆ కునుకు గార్డు సోమరితనం కాదు, మనం ఎగ్గొట్టిన కూలి.

“ఎవరైనా చేయగలిగే పని” అనేది మూడో అబద్ధం. ప్రైవేటు భద్రతా సంస్థల చట్టం 2005లో వచ్చింది. మరుసటి ఏడు కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు వంద గంటల తరగతి శిక్షణ, అరవై గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి, కనీసం ఇరవై పనిదినాలు. సైన్యంలోనో పోలీసులోనో పనిచేసి వచ్చినవాళ్లకు కూడా వారం రోజుల శిక్షణ తప్పదు. మంటలార్పడం, గుంపును అదుపు చేయడం, గుర్తింపు కార్డులు పరీక్షించడం, పేలుడు పదార్థాలను పసిగట్టడం, ప్రథమ చికిత్స, ఎఫ్ఐఆర్ ఎట్లా నమోదవుతుందో తెలిసుండటం, ఇవన్నీ ఆ పాఠాల్లో ఉన్నాయి. జరిగేదేమిటి? సాయంత్రం వచ్చిన మనిషికి ఒక పాత చొక్కా, ఒక విజిల్ ఇచ్చి రాత్రికే పాయింటులో నిలబెడతారు. ఆ చొక్కా డబ్బు కూడా మొదటి నెల జీతంలో కటింగ్. శిక్షణ ఇవ్వకుండా మోసం చేసింది ఏజెన్సీ, చేతగానివాడనే పేరు గార్డుకు.

అయినా తిరుపతి గార్డు నేర్చుకున్నాడు, మన తోడ్పాటు లేకుండానే. బస్టాండు దగ్గర లాడ్జి ముందు అర్ధరాత్రి నిలబడ్డ మనిషి తమిళంలో, కన్నడంలో, వచ్చీరాని హిందీలో జవాబు చెబుతాడు. సర్వదర్శనం టోకెన్లు విష్ణునివాసంలో ఇస్తున్నారా, శ్రీనివాసంలోనా, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సుకు పోవాలా, ఇవన్నీ ఆయన్నే అడుగుతారు. తప్పిపోయిన ముసలమ్మను కూర్చోబెట్టి ఆమె కొడుక్కు ఫోన్ చేసేదీ ఆయనే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి చిన్న పాపను పొట్టన పెట్టుకున్నాక, భక్తుల గుంపుల వెంట నడవమని చెప్పింది కూడా గార్డులకే. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి, తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయిన ఊరు మనది. గుంపును నిలపడం ఎంత నేర్పుతో కూడిన పనో ఈ ఊరికి ఇంకొకరు చెప్పాలా? చూసి కూడా “కర్ర పట్టుకుంటే చాలు, ఎవడైనా సెక్యూరిటీయే” అనడానికి నోరెట్లా వస్తుంది?

దొంగ వస్తే మీదపడి పట్టుకోవాలని ఇంకొందరి ఆశ. గార్డు పోలీసు కాదు. చట్టం ఆయనకు మామూలు పౌరుడికున్న అధికారమే ఇచ్చింది. కళ్లెదుట నాన్‌బెయిలబుల్ పెద్ద నేరం జరిగితే పట్టుకుని, ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించవచ్చు. ఇది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్. పోలీసు యూనిఫాంలాగా కనిపించే దుస్తులేసుకున్నా ఏడాది దాకా జైలు పడవచ్చు. చేతిలో ఉన్నది విజిల్, కర్ర. ఇంత తక్కువ ఇచ్చి ప్రాణం అడ్డం పెట్టమంటాం. ఇంట్లో ఉంగరం కనపడకపోతే మాత్రం మొదటి అనుమానం ఆయన మీదే.

గార్డు లేకపోతే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2013 నవంబరు 19న బెంగళూరులో ఒక ఏటీఎంలో బ్యాంకు ఉద్యోగినిని ఒకడు షట్టరు దించి కత్తితో నరికాడు. దేశమంతా ఆ వీడియో చూసింది. కెమెరా ఉంది, గార్డు లేడు. ఆ తర్వాత కర్ణాటకలో గార్డుల్లేని ఏటీఎంలు మూయించారు. దాడి చేసినవాడు మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడే. 2017లో మదనపల్లెలో దొరికాడు. కెమెరా రికార్డు చేస్తుంది, అంతే. అడ్డుపడదు, కేకేయదు. అయినా ఈ రోజు మన వీధుల్లో ఎన్ని ఏటీఎంల ముందు మనిషి కనిపిస్తున్నాడు?

“మేం ఏజెన్సీకి బాగానే కడుతున్నాం, మధ్యలో వాళ్లు తింటే మేమేం చేస్తాం” అని చేతులు దులుపుకునేవాళ్లకు ఒక మాట. మీ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంది, ఏజెన్సీ కమీషన్ ఉంది. పోను గార్డు చేతికి ఎంత వస్తోందో మీరెప్పుడైనా అడిగారా? కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచే ఉంది. మధ్యవర్తిని పెట్టుకున్నంత మాత్రాన పాపం మధ్యవర్తి ఖాతాలోకి పోదు.

మార్గం లేదనొద్దు. మహారాష్ట్ర 1981లోనే ప్రైవేటు గార్డుల కోసం విడిగా చట్టం చేసింది. బోర్డు పెట్టి, గార్డుల్ని నమోదు చేసి, పని, జీతం, పీఎఫ్ బోర్డు ద్వారా నడిచే ఏర్పాటు చేసింది. నలభై ఏళ్లు దాటాక కూడా ఆంధ్రప్రదేశ్‌కు అట్లాంటి బోర్డు అక్కర్లేదా? శ్రీసిటీ ఫ్యాక్టరీ గేట్ల నుంచి పలమనేరు పెట్రోలు బంకు దాకా ఈ జిల్లాలు నిద్రపోయేది వీళ్లు మేలుకుని ఉండబట్టే. శాసనసభ్యులారా, మీ ఇంటి గేటు దగ్గర కూడా ఒక గార్డున్నాడు. రేపు పొద్దున బయటికి పోయేటప్పుడు కారు అద్దం దించి, ఆయన డ్యూటీ ఎన్ని గంటలో అడగండి.

ఇది చదివిన మీరు బోర్డు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ సంఘం వచ్చే మీటింగులో నాలుగే అడగండి: మూడో షిఫ్టుకు మనిషి, గేటు దగ్గర నీడలో కుర్చీ, టాయిలెట్టు తాళంచెవి, ప్రతి నెలా గార్డు చేతికి జీతం చీటీ. ఇంకా ఆయన్ను “ఏయ్ సెక్యూరిటీ” అని కేకేయకండి. పేరు కనుక్కుని, పేరు పెట్టి పిలవండి.