వాళ్ల లెక్కలో తగ్గిన నష్టం ఎవరి చేలో తేలింది?



మా తమ్ముని బిడ్డ హైదరాబాద్‌లో వ్యవసాయ వ్యాపారం కోర్సు చదువుతున్నది. చదువులో భాగంగా మొన్న ఎండాకాలం ఒక పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసులో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. కూరగాయల నుంచి సబ్బుల దాకా ఒకే కప్పు కింద అమ్మే దుకాణాల కంపెనీ అది. పేరు రాయడం లేదు. నేను మాట్లాడేది ఒక్క కంపెనీ గురించి కాదు, ఒక పద్ధతి గురించి. ఆ రెండు నెలలకు జీతం లేదు, బస్సు కిరాయి కూడా లేదు. బిడ్డ హాస్టల్ ఖర్చులకు మా తమ్ముడు నవీపేట శనివారం సంతలో రెండు మేకపోతులను అమ్మిండు.

ఇంటికొచ్చిన నాడు ఆ పిల్ల నా పక్కన కూసొని, "పెదబాపు, ఆడ అందరు నన్ను మెచ్చుకున్నరు గని నాకు నిద్ర పడుతలేదు" అన్నది. ఎందుకు బిడ్డా అంటే చెప్పింది. ఆ మాటలు మన సంఘం సభ్యులందరూ వినాలని ఇది రాస్తున్నాను.

ఆమెకు ఇచ్చిన పని ఒక్కటే. టమాట, బెండ, వంకాయల్లో కంపెనీకి వచ్చే వేస్టేజి ఎట్లా తగ్గించాలి? ఎంత సరుకు వచ్చింది, ఎంత అమ్ముడుపోయింది, ఎంత కుళ్లింది అన్న లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఇచ్చారు. చూస్తే, డబ్బు కట్టి తెచ్చిన సరుకులో కొంత గోదాములో పనికిరాదని తేలుతున్నది. పిల్ల తెలివైనది. గోదాములో ఏరే బదులు ఊళ్లోనే, కొనే సెంటర్‌లోనే, కాంటా పెట్టకముందే ఏరండి, ఆ రోజు దుకాణాలు అడిగినంతే తూకం వేయండి అని రాసింది. కాగితం మీద వేస్టేజి తగ్గింది. సార్లు చప్పట్లు కొట్టారు.

"మరి ఏరి పారేసిన టమాట ఎటు పోయింది బిడ్డా?" అని అడిగాను.

"దానికి ఆ కంప్యూటర్ల గడి లేదు పెదబాపు. అది రైతు దగ్గర్నే ఉంటది."

అసలు సంగతి ఇదే. కుళ్లే టమాట కుళ్లుతూనే ఉంది. కంపెనీ పుస్తకంలో పోయిన నష్టం రైతు చేలో తేలింది. రైతుకు పుస్తకం లేదు కాబట్టి అది ఎవరికీ కనబడదు. దీనికే హెడ్డాఫీసులో పొదుపు అని పేరు పెట్టారు.

ధర సంగతి కూడా అంతే. మనం విత్తనం, ఎరువు, కూలి, కౌలు కలుపుకొని ధర ఇంత రావాలని కింది నుంచి లెక్క వేస్తాం. వాళ్లు పైనుంచి వేస్తారు. పట్నంలో కొనేవాళ్లు కిలోకు ఎంత పెడతారు? అందులోంచి కంపెనీ లాభం తీయి. దుకాణం కిరాయి, కరెంటు, లారీ, గోదాము, వేస్టేజి తీయి. మిగిలింది రైతుకు. మన పెట్టుబడి ఎంత అన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా రాదు.

సెంటర్లలో మంచి లేదని నేను అనను. ఎలక్ట్రానిక్ కాంటా ఉంటుంది. అడ్తి కమీషన్ కోయరు. మార్కెట్ ధర మీద రూపాయి ఎక్కువ ఇచ్చిన రోజులూ ఉంటాయి. కానీ రేపు ఎంత కొంటారో ఈరోజు రాసివ్వరు. మొదటి రకం వాళ్లకు, మిగిలింది మనకు. ఆ మిగిలిన గంపలు పట్టుకొని మళ్లీ మార్కెట్‌కే పోవాలి. ఏరిన సరుకుకు అక్కడ వచ్చే ధర మీకు తెలుసు. మన నిజామాబాద్ యార్డులో కూడా 2016 నుంచి ఈ-నామ్ కంప్యూటర్లు ఉన్నాయి. యార్డులో లోపాలు వంద ఉన్నాయి, వాటి మీద మనం కొట్లాడుతూనే ఉన్నాం. అయినా అక్కడ లాట్‌కు నంబరు ఉంది, చేతికి తక్‌పట్టీ వస్తుంది, అడగడానికి మార్కెట్ కమిటీ ఉంది. కంపెనీ సెంటర్ దగ్గర ఎవరిని అడగాలి?

2012లో కేంద్రం రిటైల్‌లోకి 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసినప్పుడు, దళారీ పోతాడు, ఆ డబ్బు రైతుకు వస్తుంది అన్నారు. 2020 నల్ల చట్టాలప్పుడు మళ్లీ అదే పాట. కంపెనీతో పేచీ వస్తే రైతు సివిల్ కోర్టుకు పోకూడదని కూడా అందులో రాశారు. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పైగా కూర్చుని 2021లో వాటిని రద్దు చేయించాం. మరి రైతుకు వచ్చేది ఎంత? 2024లో రిజర్వు బ్యాంకు పరిశోధకులే లెక్క తీశారు. తినేవాళ్లు టమాటకు పెట్టే రూపాయిలో రైతుకు అందేది సుమారు 33 పైసలు. ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37.

కొనేవాడి నిర్ణయంలో మనకు మాట లేకపోతే ఏమవుతుందో బోధన్ చెరకు రైతుకు వేరే చెప్పాలా? 2002లో షక్కర్ ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి గేటు మూశారు. చెరకును నమ్ముకున్న వాళ్లను ఎవరైనా అడిగారా?

ఇక పిల్లల సంగతి. పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్‌కు 2024లో కేంద్రం పథకం తెచ్చింది. తెచ్చినప్పుడు నెలకు 5,000 రూపాయలు. అందులో 4,500 సర్కారువి, కంపెనీవి 500. ఆ పథకంలో లేని మా బిడ్డ లాంటి వాళ్లకు అదీ లేదు. తండ్రి పంట మీద నష్టం మోపారు. బిడ్డ తెలివిని పుణ్యానికి వాడుకున్నారు. ఆ తెలివితోనే తండ్రి మీద ఇంకొంత మోపే దారి రాయించుకున్నారు. ఆ పిల్లది తప్పు లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు రాసింది. ప్రశ్న పెట్టినవాళ్లు ఎవరన్నదే మనం చూడాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి. కొనే సెంటర్ పెట్టే ప్రతి కంపెనీ ఎంత కొంటుందో, ఏ ధరకు కొంటుందో ముందే తెలుగులో రాసివ్వాలి. వద్దన్న సరుకుకు కారణం రాసి చీటీ ఇవ్వాలి. రెండో రకానికి కూడా ధర కట్టాలి. ఈ సెంటర్లు మార్కెట్ కమిటీ తనిఖీ కిందికి రావాలి. ఏ కంపెనీలో పనిచేసినా విద్యార్థికి భత్యం ఇవ్వాలి. వ్యవసాయం చదివే పిల్లలను కంపెనీ ఆఫీసులకే కాక యార్డులకు, సహకార సంఘాలకు, రైతు సంఘాలకు కూడా పంపాలి.

మన వంతు పని కూడా ఉంది. వచ్చే నెల గ్రామ కమిటీ మీటింగుకు ఇట్లా చదువుకున్న పిల్లలను పిలవండి. పైనుంచి కిందికి ధర ఎట్లా కడతారో బోర్డు మీద వేసి చూపమనండి. మా బిడ్డ మొదట మన నవీపేట మీటింగులోనే చెబుతానన్నది. మీరు మాత్రం సెంటర్‌కు తెచ్చిన సరుకు ఎంత, కాంటా ఎక్కింది ఎంత, వాపసు వచ్చింది ఎంత అని ఈరోజు నుంచే ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. వాళ్ల కంప్యూటర్‌లో లేని గడి మన నోటుబుక్కులో ఉండాలి. కలెక్టరాఫీసుకు పోయిన నాడు దాన్నే బల్ల మీద పెడదాం.