ఇంటిని తోకకు కట్టుకుని కొండ దిగేటప్పుడు



ఈ మధ్య వస్తున్న ఉత్తరాల్లో ఒక ప్రశ్న పదే పదే కనిపిస్తోంది. "అబ్బాయీ కోడలూ ఈ వేసవికి మమ్మల్ని అమెరికాలో కొండలకి తీసుకెళతారట. కారు వెనకాల చక్రాల ఇల్లొకటి తగిలించుకుని పోవడమట. అందులోనే వంట, అందులోనే పడక. వినడానికి బాగానే ఉంది గానీ, అంత బరువుతో కొండ దిగడం క్షేమమేనా?" అని. భయం సరైన చోటే పుట్టింది. చాలామంది కొండ ఎక్కగలమా అనే ఆలోచిస్తారు. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే కదా! దిగేటప్పుడు ఆగకపోవడంతోనే వస్తుంది చిక్కంతా.

మేముండే డెన్వర్ ఊరు సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తు, అంటే సరిగ్గా ఒక మైలు. ఇక్కడినుంచి పడమరగా ఓ అరవై మైళ్లు పోతే ఐసెన్‌హోవర్ సొరంగం వస్తుంది. అక్కడ రోడ్డు 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఉంటుంది. అటు దిగినా ఇటు దిగినా మైళ్ల తరబడి దిగుడే. ప్రతి వేసవీ మావారూ, నేనూ, పిల్లలూ ఈ దారిన ట్రైలర్ లాక్కుంటూ పోతుంటాం. స్టీరింగు ఎక్కువగా మావారి చేతిలోనే. సర్దుడూ, బరువు లెక్కా, పక్క సీట్లో కళ్లు తెరుచుకుని కూర్చోవడం నా వంతు. ఈ మూడూ చిన్న పనులేం కావని చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఏమిటీ చక్రాల ఇల్లు?

వీటిలో రెండు రకాలున్నాయి. బస్సులాగా తనకి తానే నడిచేది ఒకటి. ఇంజను లేకుండా కారుకో, పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లేది రెండోది. దీన్నే క్యాంపర్ ట్రైలర్ అంటారు. లోపల చిన్న స్టవ్వు, ఫ్రిజ్జు, సింకు, నీళ్ల ట్యాంకు, మంచాలు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. ఓ మోస్తరు ట్రైలర్ సామానుతో కలిపి రెండు టన్నులు తూగుతుంది. మన ఎద్దుబండి అయితే ఎద్దులు ముందుండి లాగుతాయి, దిగుడులో కాడిని వెనక్కి ఆపుకుంటాయి కూడా. ట్రైలర్‌కి ఆ ఆపుకునే పని కారు చెయ్యాలి. చెయ్యలేకపోతే వెనకున్న ఇల్లే ముందున్న కారుని తోసుకుపోతుంది.

బ్రేకులు ఎందుకు చేతులెత్తేస్తాయి?

దిగుడు మొదలయ్యేచోట పసుపుపచ్చ బోర్డు మీద వాలులో దిగుతున్న లారీ బొమ్మ, పక్కన 6 శాతమో, 7 శాతమో రాసి ఉంటుంది. 7 శాతం అంటే వంద అడుగులు ముందుకి పోయేసరికి ఏడడుగులు కిందికి దిగుతామన్నమాట. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. ఆరేడు మైళ్లు అలాగే సాగితే అప్పుడు తెలుస్తుంది.

మన వంటింటి లెక్కలో చెబుతాను. కారూ ట్రైలరూ కలిపి నాలుగున్నర టన్నులు అనుకోండి. అది వెయ్యి అడుగుల ఎత్తు దిగితే పుట్టే వేడంతా ఒక్కచోట పోగుచేస్తే 40 లీటర్ల చన్నీళ్లు సలసల మరిగిపోతాయి! రెండు పెద్ద బిందెల పైమాట. అందులో కొంత గాలికి పోతుంది, కొంత ఇంజను తీసుకుంటుంది. మిగతాదంతా పడేది బ్రేకుల మీదే. కాలు తీయకుండా నొక్కి పట్టుకునే కూర్చుంటే బ్రేకులు ఎర్రగా కాలిపోయి పట్టు వదిలేస్తాయి. లోపలి బ్రేక్ ఆయిల్ పాతబడి చెమ్మ పట్టి ఉంటే ఆ వేడికి అదీ మరిగిపోతుంది. అప్పుడు పెడల్ దూదిలాగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు.

ఇదేం కొత్త భయం కాదు. కొలరాడోలోనే ఉల్ఫ్ క్రీక్ కనుమ మీద, బ్రేకులు పోయిన కోళ్ల లారీ గురించి, సి.డబ్ల్యు. మెక్‌కాల్ 1975లో ఒక హాస్యపు పాట పాడాడు. పాటకి నవ్వుతాం గానీ ఆ దిగుడులో ఉన్నవాళ్లకి నవ్వు రాదు.

ముందు గేరు, తరవాతే బ్రేకు

కొండ కొసన, ఇంకా దిగుడు మొదలవకముందే వేగం తగ్గించి చిన్న గేరులోకి మార్చాలి. చక్రాలు ఇంజనుని తిప్పాల్సి వస్తుంది, ఇంజను ఎదురు తిరుగుతుంది, బండి నిమ్మళిస్తుంది. ఇంజను కాస్త గట్టిగా అరుస్తుంది. "అయ్యో, పాడైపోతోంది" అని కంగారు పడొద్దు. టాకోమీటర్‌లో ఎర్రగీత దాటనంతవరకు ఫర్వాలేదు. ఆటోమేటిక్ గేర్ల ట్రక్కుల్లో చాలావాటికి "టో/హాల్" అని ఒక బటనుంటుంది, అది నొక్కితే గేరు దానంతటదే కిందికి దిగి పట్టుకుంటుంది. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలే అలవాటు మనవాళ్లలో కొందరికి ఉంది. ట్రైలర్‌తో అది ప్రాణాంతకం.

ఇంకోమాట. ఇప్పుడు కరెంటు కార్లతో కూడా ట్రైలర్లు లాగుతున్నారు. వాటిలో దిగుడు వేగమే బ్యాటరీని ఛార్జి చేస్తూ బండిని నిదానిస్తుంది. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే ఆ ఛార్జి పట్టే చోటుండదు, ఆ పట్టూ తగ్గిపోతుంది. అందుకని కొండమీద నూటికి నూరు ఛార్జి పెట్టుకుని దిగడం మొదలుపెట్టకూడదు.

గేరు మార్చినా వేగం పెరుగుతూ ఉంటే అప్పుడు బ్రేకు. అది ఎలా వెయ్యాలో మనకి బావి నేర్పింది. నిండు బిందెని చేంతాడుతో దింపేటప్పుడు తాడుని అరచేతిలో జారనిస్తూ పోతే బొబ్బలెక్కుతాయి. గట్టిగా పట్టుకుని, కాస్త వదిలి, మళ్లీ పట్టుకుంటాం. బ్రేకూ అంతే. ఆ వాలుకి 40 మైళ్లు క్షేమమైన వేగం అనుకుంటే, ముల్లు 40కి రాగానే గట్టిగా నొక్కి, మూడు సెకన్లలో 35కి తెచ్చి, కాలు పూర్తిగా తీసెయ్యాలి. మళ్లీ 40కి వస్తే మళ్లీ అదే. మధ్యలో బ్రేకులకి చల్లారే వ్యవధి దొరుకుతుంది. ఇక్కడ లారీ డ్రైవర్లకి లైసెన్సు పుస్తకంలో నేర్పే పద్ధతి ఇదే.

ట్రైలర్ బ్రేకులు ఎవరిచేతిలో?

చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు తప్పనిసరి. వాటిని నడిపించే చిన్న పెట్టె డ్రైవరు మోకాలి దగ్గర ఉంటుంది. దాన్ని బ్రేక్ కంట్రోలర్ అంటారు. మేం మొదటిసారి ట్రైలర్ అద్దెకి తీసుకున్నచోట ఆ మనిషి స్టవ్వు వెలిగించడం గురించి పావుగంట చెప్పాడు గానీ, ఈ పెట్టె గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మేమే అడిగి చెప్పించుకున్నాం. మీ పిల్లలు అద్దెకి తీసుకుంటే మొహమాటపడకుండా అడగమనండి. బయల్దేరేముందు ఖాళీ జాగాలో నెమ్మదిగా నడిపి, ఒక్క ట్రైలర్ బ్రేకే వేసి చూడాలి. వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టుండాలి.

కారుకీ ట్రైలర్‌కీ మధ్య రెండు గొలుసులుంటాయి. వాటిని ఒకదానిమీదొకటి దాటించి తగిలించాలి. కొక్కెం ఊడితే ట్రైలర్ మూతి నేలని కొట్టకుండా ఆ గొలుసుల ఊయల పట్టుకుంటుంది. ఇంకో సన్నటి తీగ ఉంటుంది. ట్రైలర్ పూర్తిగా విడిపోతే ఆ తీగ లాగబడి ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పడతాయి. దాన్ని గొలుసుకి చుట్టకూడదు, విడిగా కారుకి తగిలించాలి.

సర్దుడు మన పని

ఇక మన రాజ్యానికి వద్దాం. ట్రైలర్ పాము తోకలా ఊగడానికి ముఖ్య కారణాల్లో ఒకటి, వెనకభాగంలో బరువు ఎక్కువ కావడం. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలి. అందుకని బరువైనవి కింద, ఇరుసుకి కాస్త ముందుగా పెట్టాలి. 20 పౌండ్ల బియ్యం సంచి, గ్రైండరు, నూనె డబ్బాలు, నీళ్ల సీసాలు కింద అరల్లోకి. దుప్పట్లు, అప్పడాలు, మరమరాలు, ప్లాస్టిక్ గిన్నెలు పైకి. వెనకాల కిటికీ దగ్గర బరువులేం పేర్చొద్దు.

నీళ్ల ట్యాంకు సంగతి చాలామంది మరిచిపోతారు. ఇక్కడి గాలన్ అంటే 3.8 లీటర్లు. 40 గాలన్ల ట్యాంకు నింపితే 150 కిలోలు, ఇద్దరు భారీ మనుషులు ఎక్కినట్టే. దిగేచోట నీళ్లు దొరికేటట్టయితే అవసరమైనంతే పట్టుకోండి.

కుక్కరు మాత్రం మానొద్దు. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. దారి తిండికి మాత్రం పులిహోర, చపాతీలు ముందే చేసి కార్లో పెట్టుకోండి. బండి నడుస్తున్నప్పుడు గ్యాస్ సిలిండరు కట్టేసి ఉండాలి. ట్రైలర్‌లో మనుషులు కూర్చోకూడదు. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నచోటా "కాస్త నడుం వాలుస్తాను" అని అందులోకి ఎక్కొద్దు.

ఊగితే, వాసన వస్తే

పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడు ట్రైలర్ ఊగొచ్చు. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు, వేగం పెంచకూడదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, కంట్రోలర్ పెట్టెతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే నిదానంగా వెయ్యాలి. అది వెనక్కి లాగి వరసలోకి తెస్తుంది.

దిగుతుంటే మాడువాసన వచ్చిందనుకోండి, అది బ్రేకులదే కావచ్చు. రోడ్డు పక్కన ఆగే జాగా చూసి ఆపమనండి. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, అరగంట ఊరికే ఉండాలి. వేడి బ్రేకుల మీద నీళ్లు పొయ్యకూడదు, లోహం చిట్లిపోతుంది.

బ్రేకులు పూర్తిగా పోతే దారిపక్కన లారీల కోసం కట్టిన తప్పించుకునే బాటలుంటాయి. గులకరాళ్లు మందంగా పోసి, ఎత్తుకి ఎక్కేలా వేస్తారు. బండి ఆ రాళ్లలో కూరుకుని ఆగుతుంది. అవి కార్లకి కూడా పనికొస్తాయి. బండి పాడవుతుందనీ, లాగడానికి ఖర్చవుతుందనీ తటపటాయించే సమయం కాదది. అందుకే అక్కడ ఫొటోలకని బండి ఆపకూడదు కూడా.

పక్క సీట్లో మనం

దిగుడు దారిలో మగవాళ్లకి, ఈ కాలం పిల్లలకి కూడా, వెనక కార్ల వరస పెరిగితే అవమానంగా ఉంటుంది. కాలు దానంతటదే బరువెక్కుతుంది. అప్పుడు అరవడం వల్ల లాభం లేదు. "కుడివైపు వరసలో పోదాంరా, అదిగో ఆగే చోటు, వాళ్లని ముందుకి పోనిద్దాం" అంటే చాలు. ముందు రాత్రే మ్యాపులో ఎక్కడ ఎంత దిగుడుందో చూసిపెట్టండి. యెల్లోస్టోన్ వైపు వెళ్లేవాళ్లకి టెటన్ కనుమ అని ఒకటి తగులుతుంది. 10 శాతం వాలు. చలికాలంలో అక్కడ ట్రైలర్లని రానివ్వరు. వేసవిలోనైనా ట్రైలర్‌తో అటు పోవడం కంటే గంటో, రెండు గంటలో చుట్టు తిరిగి వెళ్లడమే నా సలహా.

మన ఊళ్లో ఉన్నవాళ్లకి ఇదంతా ఎందుకంటారా? తిరుమలలో 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగినా, అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగినా, శ్రీశైలం దారైనా సూత్రం ఒక్కటే. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు ఊరికే అనలేదు. ఏడుగురు మనుషులు, పైన క్యారియర్ నిండా సామాను ఉంటే మీ కారూ బరువు బండే.

కత్తిరించి దాచుకోండి

• దిగుడుకి ముందే వేగం తగ్గించి చిన్న గేరు. న్యూట్రల్ వద్దు.
• బ్రేకు గట్టిగా, కొద్దిసేపు. తరవాత పూర్తిగా వదలాలి.
• బరువులు కింద, ఇరుసుకి కాస్త ముందు. వెనకాల తేలికవి.
• గొలుసులు, తీగ, లైట్లు, టైర్లలో గాలి, గ్యాస్ వాల్వు ప్రతిసారీ చూడాలి.
• ట్రైలర్ విడదీసేముందు చక్రాలకి అడ్డుచెక్కలు.
• మాడువాసన వస్తే ఆగాలి. చల్లారేదాకా కదలొద్దు.

కొండలు చూడ్డానికి తప్పకుండా వెళ్లండి. అబ్బాయి బండి తాళం తీసేముందు ఈ కాగితం అతని చేతిలో పెట్టి, ఒక్కొక్కటీ పైకి చదివించండి. పెద్దవాళ్లు అడిగితే కాదనరు లెండి.

వచ్చే వారం, చిన్న ఫ్రిజ్జులో నలుగురికి నాలుగు రోజుల కూరలు ఎలా సర్దుకోవాలో చెబుతాను. ఉంటానండీ.