ఇరుకైన ఇల్లు, తీరిన రుణం



గత మాసం మేము ఇల్లు మారాము. కర్నూలులో మా తండ్రిగారు కట్టించిన ఆరు గదుల ఇంటిని విక్రయించి, రెండు గదుల ఇంటికి వచ్చాము. "అప్పులేమైనా ఉన్నాయా మౌల్వీసాబ్?" అని పొరుగువారు అడిగారు. ఉన్నది. అది మా చెల్లెళ్ల అప్పు.

తండ్రిగారు మరణించి పదకొండేళ్లయింది. నిసా సూరాలోని వారసత్వ ఆయతులను ఏటేటా విద్యార్థులకు బోధిస్తూనే ఉన్నాము. ఆ లెక్కన ఆస్తిని 48 భాగాలు చేస్తే అమ్మకు 6, మా అన్నదమ్ములిద్దరికి 14 చొప్పున, చెల్లెళ్లిద్దరికి 7 చొప్పున చెందుతాయి. నల్లబల్లపై వేసిన ఈ లెక్కను ఇంట్లో వేయలేదు. "మాకెందుకు భాయీజాన్, మీరు సుఖంగా ఉంటే చాలు" అని చెల్లెళ్లు అన్న మాటనే అనుమతిగా భావించాము. చేతికి అందని సొమ్మును మొహమాటంతో వద్దనడం త్యాగం కాదు. ముందుగా వాటా వారి చేతికి చేరాలి. ఆపైన ఇష్టపడి ఇస్తేనే అది కానుక.

చిన్న చెల్లెలు తన కుమార్తె చదువు కోసం గాజులు తాకట్టు పెట్టిందని నిరుడు తెలిసింది. ఆమెకు చెందిన గోడల మధ్య మేము హాయిగా నిద్రిస్తున్నాము! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడితో మాట్లాడాము. అతడూ సమ్మతించాడు.

సామాను సర్దేటప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజం. రాగి దేగులు మదరసా వంటశాలకు, నవారు మంచాలు అవసరమున్నవారికి ఇచ్చాము. గ్రంథాల బీరువాయే సగం గదిని ఆక్రమించింది. అమ్మ మాత్రం కిటికీ పక్కన జానమాజు పరచి, "ఇంత చోటు చాలు బేటా" అన్నారు.

దైవప్రవక్త (సఅసం) సతీమణుల గదులు పచ్చి ఇటుకలతో, ఖర్జూరపు మట్టలతో కట్టినవి. చిన్నతనంలో వాటి పైకప్పు తన చేతికి అందేదని హసన్ బస్రీ (రహ్మలై) చెప్పేవారు. మస్జిదె నబవీ విస్తరణకై ఆ గదులను తొలగించినప్పుడు, ప్రవక్త ఎంతటితో తృప్తిపడ్డారో తరువాతి తరాలు చూసేందుకు వాటిని అలాగే ఉంచవలసిందని సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహ్మలై) వాపోయారు.

వాటా సొమ్ము అందించిన రోజున చిన్న చెల్లెలు "వద్దు" అనలేదు. కళ్లు తుడుచుకొని తీసుకున్నది. పదకొండేళ్ల నాటి ఆమె మాటకు అసలు అర్థం మాకు అప్పుడే బోధపడింది.

ప్రియ సోదరులారా! మీ ఇంటి గదులను లెక్కించేటప్పుడు, వాటిలో మీ అక్కచెల్లెళ్ల వాటా ఎంతో కూడా లెక్కించండి. మా ఆలస్యాన్ని అల్లాహ్ మన్నించుగాక! ఆమీన్.