ఆ చర్చ మన ఇళ్లలోనూ జరగాలి

అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సా నగరం. 1921 మే 31 రాత్రి ఏడేళ్ల వయోలా ఫ్లెచర్‌ను ఇంట్లోవాళ్లు నిద్రలేపి, కట్టుబట్టలతో బయటికి తీసుకెళ్లారు. 2021 మే నెలలో, 107 ఏళ్ల వయసులో, ఆమె అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు కూర్చుని ఆ రాత్రి గురించి సాక్ష్యం చెప్పారు. వీధిలో పడి ఉన్న శవాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయని, పొగ వాసన ఇంకా వదల్లేదని అన్నారు. నల్లజాతివారు రెక్కల కష్టంతో నిలబెట్టుకున్న గ్రీన్‌వుడ్ పేటను శ్వేతజాతి మూకలు తగలబెట్టాయి. 300 మంది దాకా చనిపోయి ఉంటారని చరిత్రకారుల అంచనా. కాలిపోయిన ఇళ్లకు, దుకాణాలకు బీమా సొమ్మూ దక్కలేదు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఈ ఘోరం బడి పుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఆమె సాక్ష్యం చెప్పిన ఆ మే నెలలోనే ఓక్లహామా ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. ఎవరైనా తమ జాతి కారణంగా అపరాధభావంతో, వేదనతో ఉండాలనే భావనను పాఠంలో చేర్చరాదన్నది అందులో ఒక నిబంధన. టల్సా చరిత్ర చెప్పవద్దని అందులో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. టీచరు మనసులో భయం పుడితే చాలు, పాఠం ఆగిపోతుంది. ఆ చట్టాన్ని పూర్తిగా రద్దు చేయాలి. ఏడేళ్ల పిల్ల కళ్లారా చూడాల్సివచ్చినదాన్ని పదిహేనేళ్ల విద్యార్థి చెవులారా వినలేడా?

పాత గొడవలు తవ్వి ఏం లాభమని అడిగేవారున్నారు. వాటి ఫలితాలు పాతబడలేదు. 1930లలో ప్రభుత్వ సంస్థే నల్లజాతి పేటలకు పటాల మీద ఎర్ర రంగు వేసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని ముద్ర కొట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు ప్రభుత్వ హామీతో రుణాలు ఇచ్చినప్పుడు, 1947లో మిసిసిపీ రాష్ట్రంలో మంజూరైన 3,200 పైచిలుకు రుణాల్లో నల్లజాతివారికి అందినవి 2. సొంతిల్లు లేనివాడు పిల్లలకు ఏం రాసిస్తాడు? 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వే ప్రకారం, నడిమి స్థాయి శ్వేతజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900.

ఆస్పత్రుల్లోనూ ఇదే కథ. 2023లో లక్ష కాన్పులకు శ్వేతజాతి తల్లుల మరణాలు 14.5 అయితే, నల్లజాతి తల్లులవి 50.3. డబ్బు, పేరు ఉన్నా ఈ గండం తప్పడం లేదు. 2017లో కాన్పయిన మర్నాడు నల్లజాతి టెన్నిస్ తార సెరెనా విలియమ్స్‌కు ఊపిరి ఆడలేదు. అంతకుముందే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన అనుభవం ఉండటంతో, వెంటనే స్కాన్ తీయమని ఆమే అడిగారు. నొప్పి మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుందట. స్కాన్ తీస్తే గడ్డలు కనబడ్డాయి. సెరెనా మాటే చెవికెక్కకపోతే, బీమా లేని పేద తల్లి గోడు వినేదెవరు?

జాతి వివక్షపై ఈ చర్చకు దూరంగా నిలబడే హక్కు అమెరికాలోని తెలుగువారికి లేదు. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏటా వలస వెళ్లగలిగింది 100 మంది. 1965లో ఆ తలుపు బార్లా తెరిచిన వలస చట్టం, నల్లజాతివారు లాఠీదెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించిన పౌరహక్కుల చట్టాల వరసలోనే వచ్చింది. ఆ ఫలం మనం తిన్నాం. అయినా మన డ్రాయింగు రూముల్లో ‘వాళ్లుండే ఏరియా, అటు ఇల్లు కొనొద్దు’ అన్న సలహా మామూలైపోయింది. పిల్లల ముందే ఆ మాట అంటున్నాం. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, కొడుకింటి దగ్గర వాకింగ్‌కు వెళ్లిన ఒక గుజరాతీ పెద్దాయనను చూసి, ఎవరో నల్లజాతి మనిషి తిరుగుతున్నాడని పోలీసులకు ఫోన్ చేశారు. పోలీసు నేలకేసి కొట్టిన దెబ్బకు ఆయన కాళ్లూచేతులూ పడిపోయే స్థితి వచ్చింది. ఆ ఫోన్ వెనకున్న అనుమానమే మన ఇళ్లలోని ఆ సలహా వెనకా ఉంది.

అమెరికా తెలుగు సంఘాల మహాసభల్లో సినిమా తారలకు, విందులకు దొరికే సమయంలోంచి ఒక పూట తీసి, స్థానిక నల్లజాతి టీచర్లను, నర్సులను, పాస్టర్లను వేదిక మీదికి పిలవాలి. మైకు వాళ్ల చేతికివ్వాలి. ముందు వరసలో మన పిల్లల్ని కూర్చోబెట్టాలి.