జనంలోంచి పక్కకు తీసుకెళ్లిన ప్రేమ

దెకపొలి ప్రాంతంలో కొందరు ఒక చెవిటివాణ్ని యేసుప్రభువు వద్దకు తీసుకొచ్చారు. అతనికి మాట కూడా సరిగా రాదు. అతని మీద చేయి ఉంచమని వారు ప్రభువును వేడుకున్నారు (మార్కు 7:31–37). చుట్టూ జనసమూహం ఉంది. అయినా ప్రభువు అందరి ఎదుటా అద్భుతం చేయలేదు. అతణ్ని జనంలోంచి పక్కకు తీసుకెళ్లాడు. అతని చెవుల్లో వేళ్లుంచాడు, నాలుక ముట్టాడు, ఆకాశం వైపు చూశాడు. చెవులు తెరుచుకొమ్మని ఆజ్ఞాపించింది ఆ తర్వాతే! వినలేనివాడితో మొదట అతనికి అర్థమయ్యే స్పర్శతో, సైగతో మాట్లాడిన దేవుడాయన.

ఈ వాక్యభాగం మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. అయినా మా సంఘంలోని ఒక తల్లి విషయంలో దాన్ని మరచిపోయాం. ముందు వరుసలో కూర్చునే ఆమె మెల్లగా వెనక్కి జరిగింది, ఆ తర్వాత ఆరాధనకు రావడమే మానేసింది. విశ్వాసం చల్లారిందనుకున్నాం. నాలుగు మాటలు గద్దించాలనే ఒకనాడు ఇంటికెళ్లాం. ‘అయ్యగారూ, మీ పెదాలు కదులుతాయి గానీ మాట వినపడదు. అందరూ ఆమెన్ అంటే నేనూ అంటాను, దేనికో తెలీదు’ అందామె. ట్రంకుపెట్టెలోంచి ఒక చెవి మిషన్ తీసి చూపించింది. ఏదో శిబిరంలో ఉచితంగా ఇచ్చారట. చెవిలో సరిగా నిలవదు, కీచుమంటుంది. బ్యాటరీ అయిపోయాక ఎక్కడ దొరుకుతుందో చెప్పినవారు లేరు. ఆమె విశ్వాసం చల్లారలేదు, మా ప్రేమకే చెవుడొచ్చింది!

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం లోకంలో 150 కోట్ల మందికి పైగా ఏదో ఒక మేరకు వినికిడి లోపం ఉంది. వారిలో 43 కోట్ల మందికి చికిత్సో, యంత్రమో, శిక్షణో తప్పనిసరి. ఇలాంటి వారిలో దాదాపు 80 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే ఉన్నారు. వినికిడి యంత్రంతో మేలు పొందగలిగే ప్రతి వందమందిలో దాన్ని వాడుతున్నవారు 17 మందే. మిగతా 83 మంది మౌనంలోనే మిగిలిపోతున్నారు.

యంత్రం ఖరీదు ఒక్కటే అడ్డంకి అనుకుంటాం. కానీ కళ్లజోడు కూడా కొలత లేకుండా పనికిరాదు కదా! ఏ స్వరం ఎంత వినిపించడం లేదో పరీక్షించాలి, దాని ప్రకారం యంత్రాన్ని సరిచేయాలి, చెవికి తగిన అచ్చు తీయాలి, కొన్నాళ్ల తర్వాత మళ్లీ చూడాలి. ఆ పని చేసే నిపుణులేరీ? పేద దేశాల్లో 93 శాతం దేశాలకు పది లక్షల జనాభాకు ఒక్క ఆడియాలజిస్టు కూడా లేడని అదే నివేదిక చెబుతోంది.

మార్గాలు లేకపోలేదు. బ్రిటన్ 1948లోనే తన జాతీయ ఆరోగ్య సేవ ద్వారా వినికిడి యంత్రాలను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆఫ్రికాలోని బోట్స్వానాలో సూర్యరశ్మితో బ్యాటరీలు ఛార్జి అయ్యే యంత్రాలను వినికిడి లేనివారే తమ చేతులతో తయారుచేశారు. ఒక మోస్తరు లోపమున్న పెద్దలు చీటీ లేకుండానే యంత్రం కొనుక్కునేలా అమెరికా 2022లో నిబంధన మార్చింది. మన దేశంలోనూ చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం ఉంది, పేదలకు యంత్రాలందించే అడిప్ పథకం ఉంది. కానీ యంత్రం పంచి ఫొటో దిగడంతో పని పూర్తికాదు. పక్కకు తీసుకెళ్లి, సమయమిచ్చి, చెవిని తాకే ఓపిక ఉండాలి.

కొందరు విశ్వాసులు ‘ప్రార్థిస్తే చాలదా, యంత్రమెందుకు?’ అని అడుగుతారు. కళ్లజోడు పెట్టుకుని బైబిలు చదివే మనం ఈ ప్రశ్న వేయవచ్చా? దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాం, వైద్యుని జ్ఞానమూ ఆయన ఇచ్చినదేనని నమ్ముతాం. చెవిటివాణ్ని తిట్టకూడదని మోషే ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది (లేవీ 19:14). మనమేమో అతన్ని చూసి నవ్వుతాం, ఆ నవ్వుకు భయపడే ఎందరో యంత్రాన్ని దాచుకుంటారు. వినడం వల్ల విశ్వాసం కలుగుతుందని పౌలు రాశాడు (రోమా 10:17). అదే విశ్వాసాన్ని ప్రకటించే మన సభల్లో నిలువెత్తు స్పీకర్లు పెట్టి పసిపిల్లల చెవులు చిల్లులు పడేలా హోరెత్తిస్తున్నాం! ఇది మా పాపం కూడా, ఒప్పుకుంటున్నాం.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో 60 శాతం నివారించదగినవే. రుబెల్లా, తట్టు టీకాలు, చెవి కారినప్పుడు సకాలంలో వైద్యం, పుట్టగానే పరీక్ష ఎంతో మేలు చేస్తాయి. యంత్రంతో ఫలితం లేనివారికి సంజ్ఞా భాష ఉంది. అది తక్కువ భాష కాదు, దాన్ని నేర్చుకున్న సంఘమే వారికి ఇల్లవుతుంది.

ఆ తల్లిని మేము ఆసుపత్రికి తీసుకెళ్లాం. కొత్త అచ్చు తీశారు, బ్యాటరీలు కొనిపెట్టే బాధ్యత యౌవనస్థులు తీసుకున్నారు. ఇప్పటికీ ఆమెకు అన్ని మాటలూ వినిపించవు. కానీ ఇప్పుడు దేనికి ఆమెన్ అంటోందో ఆమెకు తెలుసు! ఆనాటి చెవిటివాడు తనంతట తాను ప్రభువు దగ్గరికి రాలేదు, ఎవరో తీసుకొచ్చారు. వారి పేర్లు సువార్తలో లేవు. ఆ పేరులేని వారిలో ఒకరమవుదామా?